కార్డు వెనక రాసుకున్న దారి

రామాంజులుకు అరబ్బీ చదవడం రాదు, ఇంగ్లీషూ రాదు. రాయచోటి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా నేర్చుకున్న తెలుగు ఒక్కటే చదవగలడు. ఆ తెలుగుతోనే ఇరవై ఏళ్లుగా కువైట్ అంతా కారు తిప్పుతున్నాడంటే నమ్మేవాళ్లు తక్కువ.

జహ్రాలో అబూ సాలెం ఇంటికి డ్రైవరుగా వచ్చిన మొదటి వారమే, ఆస్పత్రికని బయల్దేరిన యజమానురాలిని తీసుకెళ్లి గొర్రెల సంతలో దించాడు. అక్కడ పనివాళ్లకు యజమాని 'బాబా', యజమానురాలు 'మామా'. ఆరోజు తిన్న చీవాట్లు ఆయనకు ఒక పద్ధతి నేర్పాయి. ఎక్కడికి వెళ్లినా అక్కడి విజిటింగ్ కార్డు ఒకటి అడిగి తీసుకోవడం, దాని వెనక దారి రాసుకోవడం. 'మసీదు దాటినాక ఎడం పక్క. ఈతచెట్లు రెండు. పచ్చ గేటు.' దారి మరిచినా ముచ్చట మరవడు కాబట్టి అదీ ఒక ముక్క చేర్చేవాడు. 'ఈడ మామాకు పన్ను పీకిరి.' 'ఈడ బాబా టైర్ల అంగడాయనతో కొట్లాడె.' అలా పోగైన కార్డులు మూడు వందలు దాటాయి.

"ఆ అట్టముక్కలు ఏం జేసుకుంటావబ్బా? ఫోన్ల మ్యాపు ఉండాది గదా" అని భార్య మద్దమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా చెవిన ఇల్లు కట్టుకుని పోరేది.

"మ్యాపు దావ జెప్తాది గానీ, ఆడ ఏం జరిగిందో జెప్తాదా?" అనేవాడు రామాంజులు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

ఇంటి పెద్దకొడుకు సాలెం బ్యాంకు ఆఫీసరు. ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క నల్ల ప్లాస్టిక్ కార్డు. ఎదుటివాళ్ల ఫోనుకు తాకిస్తే పేరూ నంబరూ అందులోకి వెళ్లిపోతాయి. "కాగితం కార్డుల కాలం ఖలాస్, రామూ. అవన్నీ పారెయ్" అనేవాడు. రామాంజులు తలూపేవాడు, పారేసేవాడు కాదు.

కిందటేడు నుంచి పెద్దాయనకు మతిమరుపు ముదిరింది. కొడుకుల పేర్లు పోయాయి. సొంత ఇల్లే కొత్తదైపోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. "నన్ను నా స్నేహితుడి దగ్గరికి తీసుకుపో." ఎవరా స్నేహితుడంటే చెప్పలేడు. సాలెం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు, ఒకరిద్దరిని ఇంటికే పిలిపించాడు. వాళ్లను చూసి ముసలాయన మొహం తిప్పుకున్నాడు. చివరికి అన్నం ముట్టడం మానేశాడు. మూడు రోజులు ఖర్జూరం, నీళ్లు, అంతే. డాక్టరు ఇక సూదులే గతి అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రామాంజులు తన గదిలో కార్డులన్నీ పరిచి, వెనక్కి తిప్పి, ఒక్కొక్కటే చదవసాగాడు. ఇరవై ఏళ్లుగా బాబా ఎక్కడికి వెళ్లినా తీసుకెళ్లింది తానే. ఆ స్నేహితుడు కూడా ఇందులోనే ఎక్కడో ఉండాలి. రెండు గంటలు గడిచాక, అంచులు పసుపెక్కిన కార్డొకటి చేతికొచ్చింది. 'పాత సూక్ బజారు. బంగారు అంగళ్ల ఎనక సందు. జపమాలల అంగడి. బాబా మూడు గంటలు కూసున్నాడు. నగు సందు కొస దాకా ఇనపడె.' మూడు వందల కార్డుల్లో నవ్వు ఉన్నది ఆ ఒక్కదాని మీదే. ఆ మరుసటేడే అంగడి మూతపడింది.

కార్డు తీసుకెళ్లి బాబా చేతిలో పెట్టాడు. ముసలాయన దాన్ని చూడలేదు. ఉబ్బెత్తు అక్షరాలను బొటనవేలితో తడిమాడు, మళ్లీ తడిమాడు.

"అబూ నాసర్" అన్నాడు.

కన్నకొడుకును పోల్చుకోలేని మనిషి, వేలికొసతో స్నేహితుణ్ణి పోల్చుకున్నాడు.

సాలెం ఆత్రంగా కార్డు అడుగునున్న ఇంటి నంబరు కొట్టాడు. "ఈ నంబరు లేదంటోంది" అని చతికిలబడ్డాడు. రామాంజులు అంకెలు లెక్కపెట్టాడు. ఏడు. రెండువేల ఎనిమిదిలో ఈ దేశంలో నంబర్లన్నిటికీ ముందు ఒక అంకె చేర్చారు. అప్పుడు మద్దమ్మ పాత నంబరే కొట్టి కొట్టి, మొగుడికేమో అయిందని మూడు రోజులు ఏడ్చింది. అది ఆయన మరవలేదు.

"ఇంటి ఫోన్లకు ముందర '2' చేర్చినారు. కొట్టి చూడండి" అన్నాడు, విని విని నేర్చుకున్న తన అరబ్బీలో.

అవతల ఫోను మోగింది. ఐదోసారికి ఒక వణికే గొంతు "అలో" అంది.

అలో అన్న ఆ ఒక్క మాటకు గదిలో అందరూ నిలువు గుడ్లేశారు. ఇరవై ఏళ్ల నాటి అట్టముక్క అది. దాని చివర ఇంకా ఊపిరితో ఒక మనిషి ఉన్నాడు.

కార్లోకి ఎక్కబోతూ సాలెం కార్డు వెనక్కి తిప్పాడు. "ఇదంతా ఏం రాశావు?" రామాంజులు చదివి చెప్పాడు. "మిగతా వాటి మీద?" జేబులో ఉన్న నాలుగైదు తీసి చదివాడు. టైర్ల అంగడి కొట్లాట, చేపల బజారులో బేరం, వానలో ఆగిపోయిన కారును బాబా కూడా తోయడం. సాలెం ఆ కార్డులు అందుకుని అక్షరాలకేసి చూశాడు. నాన్న మరిచిపోయిన నాన్న జీవితం, తనకు ఒక్క అక్షరం కూడా తెలియని లిపిలో, పదిలంగా ఉంది.

రిగ్గై పేటలో, ఫోనులో చెప్పిన ఇంటి గుమ్మంలోనే అబూ నాసర్ కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ముసలాళ్లిద్దరూ అక్కడి పలకరింపు పద్ధతిలో ముక్కూ ముక్కూ ఆనించుకున్నారు. లోపల పళ్లెంలో అన్నం, చేప వచ్చాయి. అబూ నాసర్ ముద్ద కలిపి అందించాడు. బాబా నోరు తెరిచాడు.

అది చూసి రామాంజులు అలవాటుగా కారు దగ్గరికి నడిచాడు. యజమానులు కూర్చునే చోట డ్రైవర్లు కూర్చోరు.

"యల్లా, రా, తిను" అని లోపలి నుంచి బాబా గొంతు వినిపించింది.

రామాంజులు చెప్పులు విప్పి, పళ్లెం పక్కన ఒదిగి కూర్చున్నాడు.

"ఇతనెవరు?" అని అడిగాడు అబూ నాసర్.

బాబా చాలాసేపు రామాంజులు మొహంలోకి చూశాడు. "పేరు తెలీదు. నేను ఎక్కడెక్కడ తిరిగానో ఇతనికి తెలుసు" అన్నాడు.

రామాంజులు కళ్లు నిండాయి. తన పేరు చెప్పాలని ఆయనకు అనిపించలేదు.