మా వాడు ఆపేసిన మైకు

మా పెద్దోడు పోయాడన్న కబురు చెప్పింది చుట్టాలు కాదు, మా పార్టీవాళ్ళూ కాదు. ఎదురింటి వదిన. ఎలక్షన్ల తర్వాత ఏడాదికి పైగా మా గుమ్మం తొక్కని మనిషి, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. మాడుగులలో పెళ్ళికి మైకు సెట్టు పెట్టి వస్తుంటే దారిలో వాడి వ్యాను బోల్తా కొట్టింది. వెనకాల బండి మీద వస్తున్న ఆవిడ కొడుకే చూసి, వాణ్ణి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దక్కలేదు.

మా చోడవరంలో పెళ్ళయినా, చర్చిలో పండగయినా, అమ్మవారి సంబరమయినా మా వాడి మైకు పెట్టెలే ఉండేవి. మైకు కట్టే ముందు చుట్టుపక్కల ఇళ్ళు తిరిగి, మంచాన పడ్డవాళ్ళున్నారా, పరీక్షల పిల్లలున్నారా అని అడిగేవాడు. ఉంటే ఆ పక్కకి బాకా తిప్పేవాడు కాదు. ఎలక్షన్లలో రెండు పార్టీలకీ వాడే. పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకో జెండా. "నా పెట్టెలకి ఓటు లేదమ్మా" అని నవ్వేవాడు.

మేం గెలిచాం. ఎదురింటివాళ్ళు ఓడిపోయారు. ఆ రోజు ఊరేగింపులో మావాళ్ళు మా వాడి వ్యానుని సరిగ్గా వాళ్ళ గుమ్మం ముందు ఆపించి, బాకాలు వాళ్ళ కిటికీకే తిప్పించారు. లోపల కోడలు పసిగుడ్డుతో ఉంది. అంత మోతలో బిడ్డ ఏడుపు వాడికెలా వినబడిందో, జనరేటరు ఆపేసి కిందికి దిగిపోయాడు.

"ఏట్రా, అమ్ముడుపోయేవా?" అని ఒకడు కాలరు పట్టుకున్నాడు.

"లోపలున్న గుంటది ఏ పార్టీయో సెప్పన్నా. ఎగస్పార్టీ అయితే ఇప్పుడే పెడతాను" అన్నాడు మా వాడు.

ఎవరో నవ్వారు. గుంపు కదిలింది. కానీ ఆ తర్వాత మావాళ్ళు వాణ్ణి పనికి పిలవలేదు. గెలుపు పాటలు పెట్టాడని అవతలివాళ్ళూ పిలవలేదు. అందుకే పెళ్ళిళ్ళ కోసం మాడుగుల దాకా పోవలసివచ్చింది. నీకెందుకురా ఇదంతా అని నేను భయపడితే, "ఎలచ్చన్లు అయిపోనాయమ్మా. రేపు మళ్ళీ ఈ ఈదిలోనే గదా తిరగాల" అనేవాడు. రోజూ పనికి వెళ్తూ, ఎదురింటి మూసిన తలుపుకే "అత్తా, ఎల్లొస్తాను" అని చెప్పేవాడు. ఏనాడూ జవాబు రాలేదు.

వాడు పోయాక మా పొయ్యి వెలగని రోజులన్నీ ఆ ఇంటి నుంచే అన్నం వచ్చింది. ఓరోజు కంచం నా ముందు పెట్టి వదిన అంది:

"ఆడు పిలిసినప్పుడల్లా తలుపెనకాలే ఉండీదాన్ని వదినా. రేపు పలుకుదాంలే అనుకునీదాన్ని."

ఇద్దరం ఏడ్చాం. కన్నకొడుకు పోయిన కడుపు ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు. దారిలో వాణ్ణి ఒంటరిగా వదలని ఆ అబ్బాయికి మాత్రం దణ్ణం పెట్టుకుంటాను. అలాంటి కొడుకుని అన్నాళ్ళయినా నాకిచ్చినందుకు దేవుడికీ పెట్టుకుంటాను.

వాడి పెట్టెలు మా వసారాలోనే ఉన్నాయి. ఆనాటి పసిగుడ్డుకి ఇప్పుడు నడకొచ్చింది. వాళ్ళ తలుపు తీసే ఉంటోంది. రోజూ నాయనమ్మ వేలు పట్టుకుని వీధి దాటి వస్తుంది. పెద్ద పెట్టెని అరచేత్తో రెండు దెబ్బలు వేసి, దానికి చెవి ఆనించి, పాట కోసం అలాగే నిలబడుతుంది.