చెప్పులతో నడిచే దారి

ఉదయం అయిదూ నలభైకి మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పార్కు గేటు మొదటిసారి తెరిచారు. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్న ఆ కాలనీలో అదొక్కటే ఖాళీ జాగా. అంతకుముందు అక్కడ చెత్త వేసేవారు. నా భార్యకు షుగర్, అరికాళ్లకు స్పర్శ పోయింది. రోజూ నడవాలని, చెప్పులు మాత్రం విడవకూడదని డాక్టర్ చెప్పాడు. మా గల్లీలో ఆటోల మధ్య నడక కుదిరేది కాదు. అందుకే ఆ గేటు కోసం ఇద్దరం ఎదురుచూశాం.

నీడ ఉంటుందని మునిసిపాలిటీ ఇంజనీరు నడకదారిని మధ్యలోని వేపచెట్టు చుట్టూ వేయించాడు. శ్రావణం రాగానే ఎవరో చెట్టుకు పసుపు పూసి బొట్లు పెట్టారు. వారం తిరక్కుండానే అందరూ గేటు దగ్గర చెప్పులు విడవసాగారు. నడక ప్రదక్షిణ అయింది.

ఒకరోజు, మా వెనక వీధిలో మేకలు పెంచే అవ్వ నా భార్యను ఆపింది.

"చెప్పులేసుకొని అమ్మ చుట్టు తిరుగుతున్నవేంది బిడ్డా?"

"షుగరు అవ్వా. కాల్ల ముల్లు ఇరిగినా తెల్వది నాకు."

"అమ్మ సూసుకోదా?"

"సూసుకుంటది. గని పుండయితే దవాఖానకు అమ్మ తోల్కపోతదా, నువ్వొస్తవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

"నోరు జూడు దీనిది! గట్లయితే జర దూరంకెల్లి తిరుగు."

"జాగా యాడుంది?"

అవ్వ కర్రతో ప్రహరీ వైపు చూపించింది. అక్కడ పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి.

"రేపు నా మేకలను తోల్కొస్త. అవి మేసినంక జాగా అదే ఎల్తది."

మర్నాడు ఇంజనీరు వచ్చేసరికి పార్కు నిండా మేకలు. "మేకలు రావద్దనే గద గేటు పెట్టిచ్చిన!" అని ఆయన తల పట్టుకున్నాడు. నా భార్య విషయం చెప్పాక గోడ వెంబడి ఒకసారి నడిచి చూశాడు. పాతదానికంటే దారి పొడుగొస్తుందని ఆయనే సంతోషపడ్డాడు. ఆ చలికాలంలోనే మట్టిదారి వేయించి, పక్కన మేకలు ముట్టని కానుగ మొక్కలు నాటించాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అవ్వ చెట్టు చుట్టూ, నా భార్య గోడ వెంబడి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ తిరిగారు. నడక అయ్యాక నా భార్య కానుగ కింద బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పేది. నేను అరికాళ్లు చూసి, ఏమీ లేదని చెప్పేవాణ్ని. ఆమె పోయింది వేరే జబ్బుతో. ఆ పాదాలకు చివరిదాకా ఒక్క పుండు కాలేదు.

నేను ఇప్పటికీ రోజూ నడుస్తాను. నడక అయ్యాక బెంచీ దగ్గర ఆగను.