బండి నర్సమ్మ జీపీఎస్ కొన్న వైనం

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ బండి నర్సమ్మే. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు మోటారు సైకిల్ మీద వెళ్ళి కట్లు మార్చడం, ఇంజక్షన్లు చేయడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. కొండవాలు ఇళ్ళకు నంబర్లుండవు. సగం దారిలో ఫోనుకు సిగ్నలూ ఉండదు. దారులన్నీ ఆవిడ తలలోనే ఉండేవి.

ఆ చలికాలం ఒక పొద్దున మంచు దట్టంగా కమ్మింది. ఏ చీలిక దగ్గర పొరపాటున తిరిగిందో, రెండు గంటలు ఒకే కొండ చుట్టూ తిరిగింది. కట్టు మార్పించుకోవాల్సిన కాలిపుండు ముసలామె అంతసేపూ ఆవిడ కోసం కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"నీకేమైందోనని హడలిపోయానే తల్లీ!" అని ఆమే ఎదురు ఓదార్చేసరికి నర్సమ్మకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పుకుంది. ఆయన దర్జీ. వింటూ వింటూ మిషను ఆపేశాడు.

"పద, ఆ దారి చూపే యంత్రమేదో కొందాం."

"ఫోనుందిగా?"

"ఎండలో కనపడదు, వానకు తడుస్తుంది, కొండెక్కితే మూగనోము పడుతుంది. రోజూ తిట్టేది నువ్వేగా!"

దుకాణంలో అమ్మాయి పెద్ద తెర ఉన్నదాన్ని ముందు పెట్టింది. పాటలు కూడా పాడుతుందట. దర్జీ తన భార్య బండి నడిపేటప్పుడు వేసుకునే చేతితొడుగు అడిగి తీసుకుని, వేసుకుని మరీ తెర నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. బయట ఎండలోకి పట్టుకెళితే అందులో తన మొహమే కనిపించింది.

"ఇంత పరీక్ష ఎవరూ పెట్టలేదు బాబాయ్!" అని అమ్మాయి నవ్వింది.

"దీన్ని నమ్ముకుని వెళ్ళేది మా ఆవిడ కదమ్మా."

నర్సమ్మ సంచీ సర్దుకుంది.

చివరికి అమ్మాయి లోపల్నుంచి అరచేతిలో ఇమిడే మొద్దు పెట్టె ఒకటి తెచ్చింది. దానికి నొక్కే మీటలున్నాయి. మ్యాపు లోపలే ఉంటుంది, సిగ్నల్ అక్కర్లేదు. బ్యాటరీలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. బండికి బిగించుకోవచ్చు, విప్పి చేత్తో పట్టుకుని కాలిబాటన నడవనూ వచ్చు.

"చూడ్డానికే బాగుండదు" అంది అమ్మాయి.

"అందానికి మా ఆయనున్నాడులే. ఇదివ్వు."

అయితే రోగుల ఇళ్ళు పెట్టెకు తెలియవు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి గుర్తు పెట్టి, దానికో పేరు రాయాలి. ఆదివారాలు దర్జీ వెనక కూర్చుని ఆ పని చేశాడు. భార్య ఎక్కడెక్కడికి వెళుతుందో ఆయన చూడడం అదే మొదలు. ఒకచోట ఆమె పక్షవాతం మనిషికి ఒళ్ళు తుడుస్తూ ఊసులాడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఇంట్లో ఇన్ని కబుర్లు చెప్పవేం?" అన్నాడు బండెక్కుతూ.

"ఇక్కడే అయిపోతాయండీ."

"పోనీలే, మిగిలినవే చెప్పు" అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆఖరి ఇల్లు ఒక ముసలి మాస్టారిది. మంచంలోంచే మెడ సాచి పెట్టెను చూశాడు.

"నా ఇంటికి ఏమని రాశావయ్యా?"

"నేరేడు చెట్టు మాస్టారు అని రాయమందండీ."

"చెట్టు గాలికి కూలి రెండేళ్ళయింది కదమ్మా!"

నర్సమ్మ ఆయన దుప్పటి సరిచేసింది. "మీరున్నారుగా మాస్టారూ. దాన్నీ ఉండనివ్వండి."

మాస్టారు, "ఏదీ, ఒత్తులు సరిగ్గా పెట్టాడో లేదో చూపించు" అని కళ్ళజోడు కోసం దిండు కింద తడుముకున్నాడు.