‘కంద బచ్చలి’కి రెండుంపావు

హేమంత్‌కుమార్ తొమ్మిదేళ్లుగా సినిమాలకు మార్కులేస్తున్నాడు. శుక్రవారం పొద్దున ఆట చూడటం, ఇంటర్వెల్లో ఫోన్లోనే సగం రాసేయడం, మధ్యాహ్నానికల్లా వెబ్‌సైట్లో పెట్టేయడం. కథ, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర ఒక తీర్పు. మదనపల్లె నుంచి బెంగళూరొచ్చిన కొత్తలో మంచి సినిమా చూస్తే రెండ్రోజులు నిద్రపట్టేది కాదట. ఇప్పుడు హాల్లో జనం ఈలలేసినా, ముక్కు చీదినా మనవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఏ సినిమాకైనా అయిదుకు రెండుముప్పావు ఇచ్చేస్తే అభిమానులు కొట్టరు, నిర్మాత తిట్టడు. బతకనేర్చిన అంకె అది.

ఇంట్లో అతనికి ఒక్క శ్రోత ఉన్నాడు, దర్శన్. చిక్కపేటలో చీరల హోల్‌సేల్ కొట్లో సేల్స్‌మాన్. ఏడేళ్లుగా ఇద్దరూ కాడుగోడిలో ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారు. అవును, కాపురమే. లోకానికి మాత్రం రూమ్మేట్లు. దర్శన్ వాళ్లు తరతరాలుగా బెంగళూరు తెలుగువాళ్లు. ఇంట్లో మాట తెలుగే, బళ్లో చదువు మాత్రం కన్నడం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకని ప్రతి రివ్యూనూ హేమంత్ చదివి వినిపించాలి, దర్శన్ అన్నం తింటూ వినాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ.

ఆ వారం వచ్చిన సినిమా ‘కంద బచ్చలి’. పెళ్లి వంటలవాడి కొడుకూ, బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడూ ప్రేమలో పడతారు. ఎవరూ చావరు, ఎవర్నీ కొట్టరు, అంతా నవ్వులాట. కొడుకు సంగతి తెలిశాక వాళ్లమ్మ అడిగేది ఒక్కటే, “ఆ అబ్బాయి వెల్లుల్లి తింటాడా?” అని. ఈసారి గురువారమే విలేకరులకు షో వేశారు. వెంట వెళ్లిన దర్శన్ ఆ మాటకు పొట్ట పట్టుకుని నవ్వాడు.

బయటికొచ్చాక, “ఆదివారం మా యమ్మను పిల్చుకొస్తానప్పా,” అన్నాడు. “వెల్లుల్లి మాటకు నవ్వకుండా ఉండదు ఆ యమ్మ. నవ్వినాక కాఫీ తాపించి మన సంగతి చెప్పేస్తా. మళ్లా ఇట్లాంటి సమయం దొరకదు.”

“సరే,” అన్నాడు హేమంత్. సంతోషపడాలి కదా మనిషన్నవాడు! లోపల వెతుక్కున్నాడు, ఏమీ దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి రివ్యూలన్నీ వచ్చేశాయి. ‘సాహసోపేతమైన ప్రయత్నం’ అని మెచ్చుకున్నట్టే మెచ్చుకుని రెండున్నర దగ్గర ఆగినవాళ్లే అందరూ. అయ్యా, నవ్వొచ్చిందా లేదా? ఆ ముక్క ఒక్కడూ రాయలేదు! కిరణ్మయి అనే అమ్మాయి ఒక్కతే కడుపుబ్బ నవ్వానని రాసి మూడున్నర ఇచ్చింది. దాని కింద జనం ఆ పిల్లను చీల్చి చెండాడుతున్నారు. “నీకెందుకు తల్లీ ఇది అంత నచ్చింది?” అని అడిగాడొకడు.

ఆ ప్రశ్న తనదాకా వస్తే? హేమంత్ టైపు చేయడం ఆపేశాడు. హైదరాబాదులో ఉండే ఎడిటర్ భుజంగరావు ఫోన్ చేసి, “చూసినవాడివి నువ్వు, నీ ఇష్టమయ్యా,” అనేశాడు. ఆయన మీదికి నెట్టేసే వీలు కూడా లేకపోయింది. మనవాడు రెండుంపావు వేశాడు. సెకండాఫ్ సాగదీత అన్నాడు. చివర చేతికి అలవాటైన వాక్యం ఒకటి తగిలించాడు: ‘కుటుంబంతో కలిసి చూడటం కష్టం.’

సాయంత్రం దర్శన్ పళ్లెం ముందు కూర్చుని, “చదువప్పా,” అన్నాడు.

హేమంత్ ఫోన్ చూస్తూ చదివాడు. ఫోన్లో ఉన్నది కాదు, నోటికొచ్చింది. మూడున్నర అన్నాడు. అట్లాంటి తల్లి ఇంటికొకరుంటే చాలన్నాడు. ఇంటిల్లిపాదీ వెళ్లి నవ్వుకోండన్నాడు. ఎక్కడా తడబడలేదు. తొమ్మిదేళ్లలో అంత మంచి రివ్యూ రాయలేదు మహానుభావుడు, ఇదీ రాయలేదు!

దర్శన్ మురిసిపోయి, అమ్మకు చదివి వినిపించమని ఆ లింకు వాళ్ల వదినకు పంపాడు. వదిన సుజాతది పలమనేరు, తెలుగు బళ్లో పదో తరగతి దాకా చదివిన మనిషి. ఆ సంగతి హేమంత్‌కు తెలుసు. వద్దని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. లేచి పళ్లేలు కడిగాడు.

ఆదివారం అమ్మను తీసుకురావడానికి వెళ్లిన దర్శన్ ఒక్కడే తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“చదువు.”

“ఏంది?”

“నువ్వు రాసింది. రాసింది రాసినట్టు చదువప్పా.”

హేమంత్ చదివాడు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, గొంతు వణక్కుండా. సిగ్గు రావాలి, కనీసం ఏడుపైనా రావాలి. ఏదీ రాలేదు.

“వదిన కూడా ఇంతే చదివిందంట,” అన్నాడు దర్శన్. “విని మా యమ్మ ఏమనిందో తెలుసునా? ‘నీ రూమ్మేటు ఎంత మంచోడురా! అట్లాంటి సినిమాకు నన్ను పోనీకుండా ముందే చెప్పినాడు. ఆ పిల్లోణ్ణి ఒకదినం అన్నానికి పిల్చుకొనిరా’ అనింది.”

“నువ్వేమంటివి?”

“వస్తాడంటిని,” అన్నాడు దర్శన్. “నువ్వు పోయి తినిరా. నేను రాను.”