తుప్పల్లోంచి ఈల

నాలుగేళ్ల కింద, వానాకాలం మొదట్లో నన్ను ములుగు వైపు పంపారు. అటవీ శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం, ప్రకృతి అవగాహన నా పని. రేంజి ఆఫీసర్ కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద బీట్ ఆఫీసర్లు ఉంటారు. నాలాంటి వాళ్లకు యూనిఫాం లేదు, కేసు రాసే అధికారం లేదు. ఊరివాళ్లను వెంటబెట్టుకుపోయి పిట్టల కూతలు వినిపించడం, అంతే. పాప పుట్టాక మానేశాను.

అక్కడొక ఊళ్లో ఒర్రె పక్కన, చిన్న వాగు అది, దట్టంగా తుప్పలుండేవి. వాటిలో పొన్నంగి పిట్టలు గూళ్లు కట్టాయి. వానలతో వచ్చే పిట్ట అది. పచ్చని వీపు, తోక కింద ఎరుపు. నేల మీద రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుంటుంది. అయితే ఆ జాగ ఊరిది, అడవిది కాదు. మిర్చి ఎండబోసే కల్లం కోసం దాన్ని చదును చేయాలని ఊరంతా అనుకున్నారు. నేను వెళ్లిన మర్నాడే జేసీబీ వస్తుంది. ఆపమనే హక్కు మాకు లేదు.

సర్పంచ్‌ను కలిశాక తెలిసింది, తొందర కల్లం గురించి కాదు. నాట్లకు పోయే ఆడవాళ్లను చూసి పొద్దున, మాపున ఆ తుప్పల్లోంచి ఎవరో ఈల వేస్తున్నారట. అనుమానం ట్రాక్టర్ డ్రైవర్ సమ్మయ్య మీద. అతని ట్రాక్టర్‌ను పిలవడం కూడా మానేశారు.

"తుప్పలు పోతే యాడ దాక్కుంటడో చూస్త" అంది నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు పెద్దయిన లచ్చవ్వ.

"అవ్వా, నాకు ఈలనే రాదు. ముందటి పన్ను ఊడింది, జర చూడు" అని సమ్మయ్య నోరు తెరిచి చూపించాడు.

"సందుంటే గాలి ఇంకా మంచిగ పోతది" అని ఇంకొకామె అనేసరికి అందరూ నవ్వారు, సమ్మయ్య తప్ప.

పొన్నంగి పిట్ట కూత అచ్చం మనిషి ఈలలా ఉంటుంది, ఎక్కువగా పొద్దున, మాపున కూస్తుంది. ఫోన్‌లో ఆ కూత పెట్టి వినిపిస్తే అయిపోతుంది కదా అన్నాడు నాతో వచ్చిన సెక్షన్ ఆఫీసర్. నేను ఒప్పుకోలేదు. ఆ కూత వింటే ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని ఇది గూడు వదిలి కొట్లాటకు వస్తుంది. గుడ్ల కాలంలో అలా చేయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. పైగా ఫోన్‌లో విన్నదాన్ని లచ్చవ్వ ఎందుకు నమ్మాలి?

ఆ సాయంత్రమే నాటు ముఠానూ, సమ్మయ్యనూ, సర్పంచ్‌నూ పొలం గట్ల మీద దూరదూరంగా నిలబెట్టాను. మాట్లాడొద్దు, కళ్లు మూసుకోవాలి, కూత ఎటునుంచి వస్తే అటు చెయ్యి చాపాలి. మేం ఎప్పుడూ చేయించే పద్ధతే. లచ్చవ్వ మాత్రం సమ్మయ్య నోటికి తువ్వాల కట్టించేదాకా కళ్లు మూయలేదు.

తుంపర పడుతోంది. పిట్ట పలకలేదు. సర్పంచ్ గొణుగుతున్నాడు. సెక్షన్ ఆఫీసర్ ఫోన్ తీశాడు, జేబులో పెట్టుకోమని సైగ చేశాను. ఈ పూట పలకకపోతే రేపటికి తుప్పలుండవు. అయినా సరే అనుకున్నాను.

చీకటి పడబోతుంటే రెండు స్వరాల ఈల స్పష్టంగా వినిపించింది. చేతులన్నీ లేచాయి. కళ్లు తెరవమన్నాను. ఏ గట్టు మీది చెయ్యి అయినా తుప్పల వైపే ఉంది. నోటికి తువ్వాలతో సమ్మయ్య చెయ్యి కూడా. అప్పుడే మళ్లీ ఈల, దాంతోపాటే తుప్పల అంచు కొమ్మ మీద ఒక చిన్న పిట్ట, తోక కింద ఎరుపు.

"ఓరి నీ పాడుగాను, పిట్టనా! సమ్మయ్యా, నిన్ను ఎన్ని తిట్లు తిట్టిననో" అంది లచ్చవ్వ.

అతను తువ్వాల కిందికి లాగాడు. "వాపస్ తీస్కో అవ్వా. సగం నాకు సమజే కాలే."

లచ్చవ్వ సర్పంచ్ వైపు తిరిగింది. "కల్లం రోడ్డు పక్కన ఏస్కోండ్రి. ఈలేసేది పిట్టయితే ఎయ్యనియ్యి." నాటు ముఠాను కాదంటే నాట్లు పడవు. జేసీబీ రాలేదు.

అంతకుముందు మీటింగుల్లో నేను పిట్ట పేరుతో మొదలుపెట్టేదాన్ని, చేతులు చాపించేది ఆ తర్వాతే. ఆ ఊరి తర్వాత పద్ధతి మార్చాను. ముందు వినాలి, ఎటునుంచో చూపాలి, పేరు చివర. ఇప్పుడు హన్మకొండలో మా బాల్కనీ ముందు మిగిలింది ఒక్క వేపచెట్టే. అదీ ఎన్నాళ్లుంటుందోనని నాకు భయం. చెట్టు పోతే పిట్టా పోతుంది, ఉత్త పేరే మిగులుతుంది. అందుకే పాపకు పేర్లు చెప్పడం లేదు. కూత వినగానే చెయ్యి చాపడం నేర్పుతున్నాను.