మెట్ల మొక్కు

మా ఆయన మెడలో గోలీకాయంత గడ్డ కనిపించింది. ఆస్పత్రిలో సూది గుచ్చి కాస్త తీసి పరీక్షకు పంపారు. ఫలితం రాగానే మేమే ఫోన్ చేస్తాం అన్నారు. ఆయనకు అదీ వేళాకోళమే. "చిన్నప్పుడు మింగిన గోలీ, ఇప్పుడు బయటికొస్తున్నది" అని స్నేహితులందరికీ చెప్పి నవ్వించాడు. నాకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడే మొక్కుకున్నాను. తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లలో కొందరు మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతారు. పెళ్లికి ముందు అమ్మతో కలిసి నేనూ ఎక్కాను. పని అయ్యాక మొక్కు తీర్చుకోవడం అందరూ చేసేదే, నాకంత ఓపిక ఎక్కడిది? ఫలితం వచ్చేదాకా రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇక్కడ ఇంగ్లండులో, స్విండన్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి మెట్లే మోకాళ్ల మీద ఎక్కుతానని దేవుడితో ఒప్పందం చేసుకున్నాను. నిజానికి మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టాలి. మా మెట్ల మీదేమో లేత రంగు కార్పెట్, మరకపడితే పోదు. ఉత్త వేలితోనే బొట్టు పెట్టినట్టు చేసి దండం పెట్టుకునేదాన్ని. దేవుడు దీన్ని లెక్కలోకి తీసుకుంటాడో లేదో అని అదొక దిగులు.

కార్పెట్ మెత్తగానే ఉంటుందనుకున్నా. దాని కింద చెక్క అంచు ఉందన్న సంగతి మోకాలికే తెలిసింది. కొన్నాళ్లకు కుడి మోకాలిచిప్ప మీద కోడిగుడ్డంత వాపు లేచి, కాలు మడవాలంటే ప్రాణం పోయేది.

క్లినిక్‌కి వెళ్తే జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, నాకంటే చిన్న పిల్ల, ఒకసారి నొక్కి చూసి "హౌస్‌మెయిడ్స్ నీ" అంది. పనిమనిషి మోకాలు అన్నమాట. వెనకటికి మోకాళ్ల మీద వంగి నేల తోమే పనిమనుషులకు వచ్చేదట, అందుకే ఆ పేరట. ఒత్తిడి పడీ పడీ చిప్ప ముందున్న తిత్తిలో నీరు చేరుతుందట. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో పనిమనిషిని నేనే, కాదనను. కానీ నాకు మాప్ ఉంది, మోకాళ్ల మీద నేల తుడిచిన పాపాన పోలేదు.

"మోకాళ్ల మీద కూర్చునే పని ఏమైనా చేస్తున్నారా?" అని అడిగింది.

"గార్డెనింగ్" అన్నాను. బయట జనవరి మంచు గడ్డకట్టి ఉంది. ఆ పిల్ల కిటికీలోంచి చూసి, కంప్యూటర్‌లో టైప్ చేసుకుంది. కొన్ని వారాలు మోకాళ్ల మీద బరువు పెట్టొద్దని, ఎర్రబడి జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పింది.

మోకాలి గురించి నాకు భయం లేదు. మధ్యలో మానేస్తే, ఆ ఫోన్‌లో ఏం చెబుతారోనన్నదే భయం. మర్నాడు పొద్దున మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాను. సగంలో కాలు బిగుసుకుపోయి, పైకీ పోలేక కిందికీ రాలేక రెయిలింగ్ పట్టుకుని ఏడుస్తుంటే మా ఆయన లేచి వచ్చాడు.

"ఏమైంది? పడ్డవా?"

దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. "మానేస్తే నీకేమన్న అయితదేమోనని..." అన్నాను. ఇక ఏడాది పాటు దీని మీద జోకులే అనుకున్నాను. ఆయన నవ్వలేదు. నన్ను పట్టుకుని మెల్లగా దింపి, కింద కుర్చీలో కూర్చోబెట్టి వాపు చూశాడు.

"నువ్వు ఎక్కకు" అన్నాడు.

తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, మొదటి మెట్టు మీద మోకాళ్లు ఆనించాడు. గుడికి వెళ్తే చెప్పుల దగ్గర కాపలా ఉంటానంటూ బయటే నిలబడే మనిషి.

"బొట్టు ఎట్ల పెడ్తున్నవ్? చూపెట్టు."

గాలిలోనే వేలితో చూపించాను. ఆయన ఒక్కో మెట్టుకూ శ్రద్ధగా వేలు ఆనిస్తూ, దండం పెడుతూ ఎక్కుతున్నాడు. పైకి చేరేలోపు ఏదో ఒక జోకు వేస్తాడు, వేయాలి, అనుకుంటూ కూర్చున్నాను. వేయలేదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అన్న ధైర్యంతో బతికాను.