మిస్ కొట్టే వ్యాన్‌తో భావనపాడు నుంచి విజయనగరం దాకా

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు, పందెం మీద చేసింది. నా దగ్గర ఒక పాత పెట్రోల్ వ్యాన్ ఉంది. ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉండే రకం. రోడ్డెక్కి వేగం అందుకుంటే గుర్రంలా పోతుంది. నెమ్మదిగా నడిపినప్పుడు, గేటు దగ్గర ఆగినప్పుడు మాత్రం మిస్ కొడుతుంది. అంటే నాలుగు దెబ్బలు పడాల్సిన చోట ఒకటి తప్పుతుంది, బండంతా వణుకుతుంది, ఒక్కోసారి చచ్చి ఊరుకుంటుంది. పోనీ రోజూ చేస్తుందా అంటే చేయదు. టెక్కలి మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ప్లగ్ వైర్లు మార్చాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు. వాడి ముందు ఒక్కసారీ మిస్ కొట్టలేదు. ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే.

పందెం పెట్టింది మా ఆవిడ నూకాలమ్మ. ఆమెకు రెండు మోకాళ్ళూ పోయాయి. రెండేళ్ళ కిందట టెక్కలిలో బస్సెక్కబోతే మెట్టు అందక, కండక్టర్ కిందనుంచి, ఇంకెవరో పైనుంచి ఎత్తి లోపల వేశారు. బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె బస్సు ముఖం చూడలేదు. వ్యాన్ గుమ్మం కిందకే ఉంటుంది కాబట్టి సంతకైనా చుట్టాల ఇంటికైనా ఆమెకి అదే కాళ్ళు. అలాంటిది మొన్న హైవే దాటుతుండగా నడిమధ్యలో ఇంజిన్ చచ్చింది. లారీ హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచే పోయింది. ఇంటికొచ్చి ఒకటే మాట అంది.

"మావా, ఈ బండి ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగితే అప్పన్నకి ఇచ్చీడమే. నడిరోడ్డు మీద సచ్చే కంటే ఇంట్లో కూకోడం మేలు."

అప్పన్న నా తోడల్లుడు, నూకాలమ్మ చెల్లెలి మొగుడు. విజయనగరంలో పాత ఇనుము కొంటాడు. సరే, విజయనగరమే పోదాం, దారిలో ఆగకపోతే బండి నాది, ఆగితే అప్పన్నది అన్నాను. నేను ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకునే మనిషిని కాను. మూడో క్లాసు దాటలేదు గానీ మాట మీద నిలబడడానికి చదువు అక్కర్లేదు. ఈ రాసిందంతా కూడా నేను ఫోనులో చెప్తే మనవరాలు తప్పులు దిద్దింది.

దారి వెళ్ళేవాళ్ళ కోసం చెప్తున్నాను. భావనపాడు నుంచి నౌపడ మీదుగా టెక్కలి సుమారు ఇరవై కిలోమీటర్లు. అక్కడ హైవే ఎక్కితే నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, ఆ తర్వాత నాతవలస దగ్గర కుడికి తిరిగి డెంకాడ మీదుగా విజయనగరం. ఆగకుండా పోతే మూడు గంటల దారి. మా బండికి రానూపోనూ పెట్రోలు రెండు వేలు దాటింది. వేసవిలో పొద్దు పొడవకముందే బయలుదేరండి, లేకపోతే ఎండకి మాడిపోతారు. మేమూ చీకటితోనే లేచాం. నూకాలమ్మ చెల్లెలికని ఎండు నెత్తళ్ళ చేపల మూట వెనక వేసుకుంది, చద్దన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుంది, నా పక్క సీట్లో కూర్చుంది.

నౌపడ రైలు గేటు పడి ఉంది. ఇంజిన్ ఆపకుండా కూర్చున్నాను. అటూ ఇటూ ఉప్పు మడులు, చల్లగాలి. ఇంజిన్ చక్కగా ఆడుతోంది. టెక్కలి చేరేసరికి వేడెక్కింది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మిస్ మొదలైంది. ఒక కాలు బ్రేకు మీద, అదే కాలి మడమతో యాక్సిలరేటర్ నొక్కుతూ ఎలాగో ఊరు దాటించాను.

"నా కింద ఏదో బుస కొడతన్నాది మావా," అంది.

"ఇంజిన్ కదే, బుస కొట్టక పాట పాడతాదేటి. నోర్ముయ్యి," అన్నాను.

హైవే ఎక్కాక హాయి. నరసన్నపేట దాకా చుక్క నీరు ఒలకనట్టు పోయింది. టోల్ గేటు వరసలో మాత్రం మళ్ళీ వణుకు. నా పిక్క పట్టేసింది. "ఆగిందేటి?" అంటుంది ఆమె. "ఆగలేదు, ఆలోసిస్తన్నాది," అంటాను నేను.

బైపాస్ మీదే పోతే సరిపోయేది. చెల్లెలికి పొందూరు ఖద్దరు చీర కొనాలని ఆమె అంటే శ్రీకాకుళం ఊళ్ళోకి తిప్పాను. చీర కొన్నాం. తిరిగి వస్తుంటే ఏడు రోడ్ల కూడలిలో, వెనక ఆటోలు గొంతు చించుకుంటుండగా, బండి ఆగింది. తాళం తిప్పినా అంటుకోలేదు. ఇద్దరు ఆటోవాళ్ళు దిగి పక్కకి తోశారు. నూకాలమ్మ నా వైపు చూడలేదు. ముందుకే చూస్తూ, "అయిపోయింది మావా," అంది. చెల్లెలికి ఫోన్ చేసి అప్పన్నని ఇంట్లోనే ఉండమని చెప్పింది.

విజయనగరం చేరాలన్నా బండి నడవాలి కదా. పక్క సందులో ఒక మెకానిక్ ఉంటే అక్కడికి తోయించాను. ఆమెని దింపి బెంచీ మీద కూర్చోబెట్టాను. వాడు సీటు ఎత్తి స్టార్ట్ చేశాడు. మొదటి దెబ్బకే అంటుకుంది. పావుగంట చూశాడు. ఒక్క మిస్ లేదు.

"తాతా, మిస్సు ఇంజిన్లో లేదు, నీ సెవుల్లో ఉన్నాది," అన్నాడు.

"నా సెవుల్లో ఉంటే నడిరోడ్డు మీద బండెందుకాగింది?"

"వయసైపోనాది. దానికీ, నీకూ."

వాడితో వాదించే ఓపిక లేదు. వాడు సీటు దించాడు, ఆమె ఎక్కింది, సందు చివరకి వచ్చేసరికి మళ్ళీ టప్, టప్. వెనక్కి తిప్పుదామనుకున్నాను. తిప్పితే వాడు మళ్ళీ సీటు ఎత్తుతాడు, మళ్ళీ బాగుంటుంది, మళ్ళీ నా చెవులంటాడు. ఎందుకొచ్చిన గొడవని హైవే ఎక్కేశాను. ఒళ్ళు పులిసిపోయింది. బండిని కాటికి తీసుకెళ్తున్నట్టే ఉంది.

రణస్థలం దగ్గర రోడ్డు పక్క కొబ్బరి బొండాల కొట్టు ఉంటే ఆపాను. ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదోనని ఇంజిన్ నడుస్తూనే ఉంచాను. నూకాలమ్మ మెల్లగా దిగి కొట్టువాడి బల్ల మీద కూర్చుంది. నేను చక్రం మీద తల పెట్టుకుని ఉన్నాను. ఇంజిన్ చక్కగా ఆడుతోంది, వణుకు లేదు. ఆమె వచ్చి ఎక్కి కూర్చుంది. టప్. చద్దన్నం గిన్నె కడగడం మరిచిపోయానని మళ్ళీ దిగింది. వణుకు పోయింది. నేను తల ఎత్తాను.

"ఒసే, ఎక్కు."

ఎక్కింది. మిస్ కొట్టింది.

"దిగు."

"నాను సర్కస్ దాన్ననుకున్నావేటి? మోకాళ్ళు నీవా, నావా?"

"ఒక్కసారి దిగవే. నువ్వెక్కితేనే మిస్ కొడతన్నాది."

బొండాల కొట్టువాడు కత్తి ఆపి చూస్తున్నాడు. "అమ్మ బరువుకేటి తాతా?" అన్నాడు. నూకాలమ్మ వాడి వైపు ఒక చూపు చూసింది, వాడు మళ్ళీ బొండం మీద పడ్డాడు. తర్వాత నా మీదకి తిరిగింది.

"అయితే నువ్వు కూకో ఇక్కడ. నువ్వేటి గడ్డిపోచవా?"

నేను ఆమె సీట్లో కూర్చున్నాను. మిస్ కొట్టింది. నా కింద సన్నగా బుస వినపడింది. ఆమె టెక్కలి నుంచి చెప్తున్న బుస అదే.

దిగి, ఇంజిన్ నడుస్తుండగానే సీటు ఎత్తాను. బుస లేదు, మిస్ లేదు. ఇంజిన్ గాలి పీల్చే చోటు నుంచి చిటికెన వేలు లావు రబ్బరు గొట్టం ఒకటి వస్తుంది. పోయిన వానల్లో దాని చివర పగిలితే నేనే వల అల్లే నైలాన్ దారం గట్టిగా చుట్టి, పైన గుగ్గిలం కరగబెట్టి పోశాను. పడవ సందుల్లో పోసినట్టే. మా వైపు ఏది చిల్లు పడినా చేసేది అదే. ఆ కట్టు నిమ్మకాయంత లావైంది. దాని నెత్తి మీద సీటు అడుగు రాసుకుని అద్దంలా మెరుస్తోంది. వేలితో నొక్కాను. కట్టు పక్కన రబ్బరు నోరు తెరిచింది, బుస, టప్ టప్. వేలు తీశాను, నోరు మూసుకుంది.

ఇంతే సంగతి. మనిషి కూర్చుంటే సీటు దిగి కట్టుని నొక్కుతుంది, పగులులోంచి దొంగగాలి దూరుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంజిన్ తాగేది కాస్త గాలే, అందులో ఈ దొంగగాలి కలిస్తే ఊపిరి తప్పుతుంది. వేగంలో బోలెడు గాలి తాగుతుంది కాబట్టి ఇది లెక్కకు రాదు. పొద్దున్నే గుగ్గిలం గట్టిగా ఉంటుంది కనుక పగులు తెరుచుకోదు, వేడికి మెత్తబడ్డాకే ఈ వేషాలు. మెకానిక్కులిద్దరూ ముందు మనిషిని దింపి సీటు ఎత్తారు. రోగం దిగిపోయాక నాడి చూశారు.

బొండాల కత్తి అడిగి తీసుకుని, ఇంజిన్ ఆపి, కట్టు దాకా గొట్టం కోసేశాను. మిగిలింది కాస్త పొట్టిదైనా సాగదీసి ఎక్కిస్తే అందింది. ఒకటి చెప్పాలి, నా ముడి ఊడలేదు. రబ్బరే చచ్చింది.

"ముడి గట్టిదే. దాని నెత్తి మీద ఏడాది కూకున్నది నాను," అంది నూకాలమ్మ.

నాతవలస టోల్ గేటు వరసలో కావాలనే నెమ్మదిగా పోనిచ్చాను. విజయనగరం బజారులో ఆటోలూ స్కూటర్లూ సందివ్వక కోట దాకా మొదటి గేరులోనే పాకాం. వణుకు లేదు. ఆమె రెండు చేతులూ సీటు మీద ఆనించి వింటోంది. నేను మాత్రం బండి ఆగింది ఆగిందే, ఇచ్చేయాలనే అనుకున్నాను.

అప్పన్న గేటు తీసి ఉంచాడు. "తెచ్చీసేరా. తాళం ఇటియ్యి అన్నయ్యా, ముందు టీ తాగుదురు," అన్నాడు.

నూకాలమ్మ దిగలేదు. "నువ్వే ఇటు రా మరిదీ. నాను ఎనక్కెళ్తాను, నా సీట్లో కూకో."

"ఆగిపోయిందని సెప్పేవు కదా వదినా?"

"సెప్పేను. కూకోమన్నాను కదా."

వాడు నాకంటే లావు. వాడిని కూర్చోబెట్టుకుని బజారు చుట్టూ నడక మీద ఒక తిరుగుడు తిప్పాను. ఇంజిన్ ఒక్క దెబ్బా తప్పలేదు. వెనకనుంచి ఆమె అంది, "పందెం నాది మావా. పెట్టినదాన్ని నాను, తీసీసినదాన్నీ నానే. బండి మనదే. రేపు బేగి బయల్దేరుదుం."

ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. మర్నాడు పాతిక రూపాయలకి కొత్త గొట్టం కొని వేశాను. ఏడాదిగా ఎన్నోసార్లు ఆ బండి పొట్ట విప్పించాను గానీ, దాని మీద రోజూ కూర్చునే మనిషి చెప్పింది ఒక్కసారీ వినలేదు. ఇప్పుడు ఆమె ఏదైనా చప్పుడు అంటే బండి ఆపుతున్నాను. సగం సార్లు అది నెత్తళ్ళ డబ్బా మూత. అయినా ఆపుతున్నాను. మీకు నేను చెప్పేది ఒకటే. పాత బండి మిస్ కొడుతుంటే మెకానిక్ దగ్గరికి ఖాళీగా తోలుకెళ్ళకండి. రోజూ ఎక్కే మనుషుల్ని ఎక్కించి, రోజూ వేసే బరువు వేసి, ఇంజిన్ వేడి మీద ఉండగా చూపించండి. ఎవరినీ దింపకముందే వినమనండి.